ఉమ్మడి దావా

ఇరవై మూడు పేర్లు
ఒకే కాగితం మీదికి ఎక్కిస్తున్నాను.
ఒకటో వాది సూరాడ పెంటమ్మ, చెంగలరావుపేట:
ఆరబెట్టిన నెత్తళ్ల మీద బొగ్గుపొడి.
ఆరో వాది హబీబున్నీసా, కోటవీధి:
కుండకు గుడ్డ కట్టినా లోపల అదే నలుపు.
డ్రాయింగు మాస్టారు దగ్గి, చేతిరుమాలు మడిచి
దీన్నీ జతచెయ్యమన్నాడు.

"ఆడి పక్కన నా పేరెట్టకు బావూ,
పద్దెనిమిదేళ్లయి మాటల్లేవు"
అన్నాడు తెడ్డు గరగయ్య. ఏదో వల తగువు.
మైలపల్లి బండియ్య కిటికీలోంచి
హార్బరు క్రేన్లు లెక్కపెడుతున్నాడు.
ఏడు తర్వాత ఎనిమిదే కదా.
ఇద్దరి మధ్య
ఒక్క కామా పెట్టగలిగాను.

ఇన్ని నష్టాలు ఒక్క దావాలో ఎలా ఇముడుతాయని
జడ్జిగారు అడుగుతారు.
ఆర్డరు ఒకటి, రూలు ఒకటి, అంటారు మా ప్లీడరుగారు.
నన్నడిగితే
వన్‌టౌన్‌లో ఏ పిట్టగోడనైనా
వేలితో ఒకసారి రాసి చూడమంటాను.

గరగయ్య బెంచీ మీద కాస్త జరిగాడు.
బండియ్య కూర్చోలేదు.

ఇంకుప్యాడు ఒకటే.
నల్లబడ్డ బొటనవేళ్లతో ఇద్దరూ
కోర్టు వెనక కుళాయి దగ్గర
ఒకరి వెనక ఒకరు.

నీళ్లు రాలేదు.
అక్కడే నిలబడ్డారు.