ఇనప పట్టీ

గుజ్జు ఫ్యాక్టరీలో రెండు నెలలు
తోతాపురి టెంకలు తీసిన కూలితో
కొన్నా, ఫైటింగ్ స్టిక్కు.
చేతికి బరువుగా ఉండింది.
బరువుంటే గట్టిదే కదా.

పెట్టె మీద రాసుండాది:
బటన్‌కి పది లక్షల నొక్కులు గ్యారంటీ.
ఎవురు లెక్కబెట్టినారో.

పన్నెండో రాత్రి
కుడి కింద మూల పలకడం మానేసింది.
కిందికి పోతాది, ముందుకి పోతాది,
నడుమ మూల మూగ.
నిప్పుండ ఇసరాల్సిన నా మల్లుడు
ఒంగి, లేచి, తన్నులు తిన్నాడు.
మా కిరీటిగాడి నవ్వు
గ్రీమ్స్‌పేటంతా వినపడింటాది.

చర్చివీధి జిలానీ ఆరు మరలూ విప్పి
ఏమీ అనకుండా నా వైపు తిప్పినాడు.
లోపల సగం గాలి.
అడుగున జిగురుతో అతికించిన ఇనప పట్టీ.
ఒక్క తీగా దాన్ని తాకలా.
బరువు కోసరం, అంతే.

"మండీలో పైవరస చూసి గంప కొంటావా?"

నలభై రూపాయల స్విచ్చి ఏసి
నా చెవి కాడ నొక్కినాడు.
టిక్.
మళ్ళీ, టిక్.
"ఈ సద్దు గుర్తుపెట్టుకో."

ఇప్పుడు స్టిక్కు తేలిక,
ఆడతా ఉంటే ఒళ్ళోంచి జారతాది.
పట్టీని మాయమ్మ తీసుకునింది,
పాలగిన్నె మూత మీదికి.
పిల్లికి మాత్రం
అది గట్టి సరుకే.