చుక్క ఎంతసేపు నిలబడింది

సిరొంచ దాటి, అంకీస దాటి,
రోడ్డు ఎర్ర మొరంలోకి ఊడిపోయే చోట
కాలిన టేకు కింద మోకాళ్ళ మీద కూర్చున్నా.
కండ్లల్ల మందేసే గొట్టంతో ఒక చుక్క వదిలాను.
కేతకి మేడం గడియారం నొక్కింది.

చుక్క ఇంకలేదు.
తామరాకు మీద నీళ్ళలా అనబోయి ఆగాను.
ఇది ఆకు కాదు, నేల.
గుండ్రంగా కూర్చుంది మసి మీద;
లోపల తలకిందులుగా ఒక మోడు, నా ముఖం.

ముప్ఫై. అరవై. నూట ఇరవై.
మేడం మరాఠీలో లెక్కపెడుతోంది, నేను తెలుగులో.
నూట ఎనభై దగ్గర ఒక చీమ వచ్చి
తాగి పోయింది.
నేలకంటే ముందు చీమ తాగింది.

ఆకుల్లో మైనం ఉంటుందట.
మంటకు ఆవిరై అంతా పైకే పోదట,
కొంత కిందికి దిగి, చల్లని మట్టి తగిలి,
రేణువు రేణువుకూ చొక్కా తొడుగుతుందట.
బొటనవేలి లోతులో
ఎవరికీ కనపడని గొడుగు.

ఇది తలండి బుద్రికి గోండీలో చెప్పాలి.
నా కూలి అందుకే, రోజుకు నాలుగు వందలు.
ఆమె అంతా విని, తంబాకు ఉమ్మి,
నాకోసం తెలుగులోనే అంది:
"అలిగింది.
దూపతోనే ఉన్నది, అయినా అలిగింది.
మూతి కాలినోళ్ళు నీళ్ళెట్ల ముడతరు?"
ఏమంటోంది, అని అడిగింది మేడం.
హైడ్రోఫోబిక్ అంటోంది, అన్నాను.

వాగు అవతల, మంట దాటలేని చోట, వెదురు కింద
ఇంకో చుక్క.
ఒకటి అనడానికి నోరు తెరిచేలోపే లేదు.
మట్టి పిడికెడు తీసి వాసన చూశాను.
వానపాము తిరిగిన తడి,
నిరుటి ఇప్పపువ్వు పులిసిన కమ్మదనం.

కాగితంలో గడులు:
వాలు, లోతు, చెట్ల పేర్లు,
మంటకు కారణం.
తెలియదు, అని రాశాను.

మార్చి. తెల్లారకముందు. అమ్మ, గంప.
రాలిన పువ్వు ఎండుటాకుల్లో దాక్కుంటుంది,
వంగి వంగి అమ్మ నడుం పోతుంది.
ఒక్క చెట్టు మేరకే గీశాను అగ్గిపుల్ల.
చుట్టూ కొమ్మతో గీత కూడా గీశాను.
గాలికి చదువు రాదు.
ఆ పొద్దు ఆరు కిలోలు ఏరాం.
నాలుగు రోజులు కాలింది గట్టు.
గార్డు వణవా అని అరిచాడు, బుద్రి వాళ్ళు కిస్ అన్నారు,
మా వాడకట్టు అగ్గి అగ్గి అంది.
మూడు భాషల్లోనూ నేను చప్పుడు చేయలేదు.

నేను రాస్తుంటే బుద్రి నా వైపు చూడలేదు.
చూడకపోవడం చాలా జాగ్రత్తగా చేసింది.

జూన్‌లో మొదటి వాన
గట్టు మీద ఆగలేదు.
నున్నటి వీపు మీంచి జారినట్టు జారి
బూడిదంతా వాగులో పోసింది.
చేపలు తెల్లగా తేలాయి.
బుద్రి కొర్రచేను మీద జానెడు మసి.
ఆ మసి ఎత్తడానికి నేనూ పోయాను.
కూలి అడగలేదు, ఆమె ఇవ్వలేదు.

సెప్టెంబరులో మళ్ళీ వచ్చాం.
నల్లటి మోళ్ళ మొదట్లో చేటలంత ఆకులు.
గడ్డివేళ్ళు ఎక్కడెక్కడో గుచ్చి
ఆ గొడుగుకు చిల్లులు పొడిచాయి,
చెదలు తమ వంతు తవ్వాయి.
చుక్క వదిలాను.
"ఈసారి లెక్క నాది," అంది బుద్రి.
ఉండి. రండ్. మూంద్. నాలుంగ్.
అంచు కుంగింది.
సయ్యుంగ్ అనేసరికి తడి మచ్చ.

అడుగు పక్కనే ఇంకొకటి
మొండిగా నిలబడే ఉంది.
మేడం రెండూ రాసుకుంది.

దిగేటప్పుడు బుద్రి నా వెనకాల నడుస్తూ,
ఎవరితోనో అన్నట్టు:
"మార్చికి రెండు చీపుర్లు కట్టు.
ఆకులు ఊడ్సుకుందాం.
ఒకటి మీ అమ్మకు. ఒకటి నీకు.
నాది నాకున్నది."