పిండి కొద్దీ రొట్టె

తెల్లవారుజామున మూడింటికి బుఖారా నిద్రలో ఉంటుంది,
నేనుండను.
తందూరు లోపలి గోడలు నల్లబడి, మళ్ళీ తెల్లబడేదాకా
పత్తికట్టెలు మేపుతూ కూర్చుంటాను.
రాత్రి పిసికి దుప్పటి కప్పి పడుకోబెట్టిన పిండి
ఎవరూ చూడకుండా పెరిగి
గంగాళం అంచు మీంచి తొంగి చూస్తుంటుంది.

ఆ రోజు తేదీ గుర్తులేదు.
మంగళవారమని మాత్రం తెలుసు, తోలిబ్‌జోన్‌కి
మైదా బాకీ కట్టాల్సిన రోజు.
తడిగుడ్డ చుట్టిన చెయ్యి పొయ్యిలోకి చాచి
ఏడో రొట్టె గోడకి చరిచానో లేదో,
చెయ్యి ఎక్కడ ఆగి వేడి ఎక్కడ మొదలవుతుందో
తెలియకుండా పోయింది.

గోడా, పిండీ,
వీధి ఊడుస్తున్న ముసలాయన చీపురు చప్పుడూ,
పోయినేడు పోయిన మా అక్క దగ్గూ
వేరువేరుగా లేవు.
భయమెయ్యలేదు. ఏడుపూ రాలేదు.
ఎవరో నా పేరు మెల్లగా చెరిపేసి
పలక నా చేతికే తిరిగిచ్చినట్టుంది.

ఎంతసేపో.

తర్వాత మాడు వాసన.
ఏడు రొట్టెలూ గోడ వదిలి బూడిదలో పడున్నాయి.
మా అత్త ఖోసియత్ గుమ్మంలో ముక్కు మూసుకుని,
"మువజ్జమ్, నువ్వున్నావా, పోయావా?" అంది.
దానికి జవాబు ఇంకా వెతుక్కుంటున్నాను.

సాయంత్రం బస్సెక్కి ఊరి బయట పీరు సమాధికి పోయాను,
ఓ మూల కూర్చుండిపోదామని.
గేటు దగ్గర గింజలమ్మే ఆమె
చిల్లరలో రెండొందలు కొట్టేసింది.
తిరుగు బస్సులో నవ్వొచ్చింది.

మర్నాటి నుంచి లెక్క మానేశాను.
అంతా ఒక్కటే అయినప్పుడు
కొనేదెవరు, అమ్మేదెవరు?
బడిపిల్లలకిచ్చాను. టాక్సీవాళ్ళకిచ్చాను.
రెండడిగినామెకి నాలుగు,
ఏమీ అడగని కుక్కకొకటి.
రొట్టె బోర్లా పెడితేనే పాపమనే వీధి మాది,
ఆ కుక్క సంగతి నేటికీ మర్చిపోలేదు.

తొమ్మిదోనాటికి బస్తా అడుగు చేతికి తగిలింది.
తోలిబ్‌జోన్ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.
అరవలేదు. టోపీ తీసి మోకాలికి తగిలించి
నోటుబుక్కులో నా పేజీ తెరిచి చూపించాడు.
దాని అడుగున, పెన్సిలుతో,
వాళ్ళ చిన్నదాని పంటి వైద్యం ఖర్చు
కూడి, కొట్టేసి, మళ్ళీ కూడి ఉంది.
"అక్కా, నీ ధర్మం నా జేబులోంచి నడుస్తోంది,"
అన్నాడు నేల చూస్తూ.

నేను ఒక్కటనుకున్న ఆ అంతటిలో
ఇతన్ని కలపడం మర్చిపోయాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకోకూడదంటారు.
రోజూ చేతులు కాల్చుకునే దానికి ఆకులెక్కడివి?
తడిగుడ్డే మళ్ళీ చుట్టుకున్నాను.

ఇప్పుడు రొట్టె నాలుగు వేల సోములు. బేరం లేదు.
సంత అరిస్తే దానికన్నా గట్టిగా అరుస్తాను.
అరుస్తున్నప్పుడే లోపల ఒకామె
మంటని చూస్తూ మాట్లాడకుండా కూర్చునుంటుంది.
ఆమె నాకు సాయం రాదు.
నేనామెని లేపను.
చిల్లరిచ్చేటప్పుడు మాత్రం
అరచేతి మీద అరచెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది.
పైన ఉన్నది ఎవరిదో చూసుకోను.

పని నేర్చుకోడానికొచ్చిన పిల్ల అడుగుతుంది,
ఈకల కాడల ముద్రతో రొట్టె నడుమ
అన్ని పోట్లు ఎందుకు పొడుస్తావని.
"పొడవకపోతే నడుమ ఉబ్బుతుంది.
ఉబ్బింది గోడని పట్టుకోదు."
"మరి అంచులో?"
"పొంగనీ. జనం ముందు తుంచేది అంచులే."

నీళ్ళు చిలకరించి, మోచేతిదాకా గుడ్డ బిగిస్తాను.
ఏడో రొట్టె దగ్గర
ఇప్పటికీ చెయ్యి కాస్త నెమ్మదిస్తుంది,
వాసన చూసుకుంటూ.