నమూనా సీసా

లక్క ముద్ర చెక్కుచెదరలేదు. రాశాను.
రంగు లేదు. రాశాను.
వాసన అన్న గడి దగ్గర
కలం ఆగింది.

మూత తియ్యగానే ముందు జీడిపండు లేచింది,
ఎండకి పగిలిన పసుపుపచ్చ తోలు,
నాలిక్కి పట్టుకుని వదలని వగరు.
దాని వెనక, కాస్త ఆలస్యంగా, వాము.

జీడిసారా కుండలో వాము వేసే చెయ్యి
నాకు తెలిసి ఒక్కటే.
అది మొన్న మాఘంలో కట్టెల మీద కాలిపోయింది.

మా అసిరమ్మ. అమ్మకి అమ్మ.
భీమిలి దాటాక ఎర్రమట్టి మెట్ట మీద
పిక్కలన్నీ కిలోల లెక్కన సేటు పట్టుకుపోతే
పళ్లు మిగిలేవి, మాకూ ఈగలకీ.
"పిక్క బజారుదే గుంటా, పండు మనది" అనేది.
రాతితొట్లో ఆడవాళ్లం తొక్కేవాళ్లం.
మడమల పగుళ్లలోకి రసం దిగి మండేది.
గౌనుకంటిన మరక
గౌను చిరిగేదాకా ఉండేది.
ఇసకలో పాతిన కుండ ఆరు రాత్రులు గొణిగి
ఏడోనాడు పొయ్యెక్కేది,
మూతి చుట్టూ తడిగుడ్డ, మీద చన్నీళ్ల సత్తుగిన్నె.
మొదటి ధార ఎవరికీ పొయ్యదు.
"నేలతల్లి వాటా" అని మట్టిలో ఒంపేసేది.
తల పగలగొట్టే ఆవిర్లన్నీ ముందే దిగుతాయని
నాకు బీఎస్సీ రెండో ఏడు చెప్పారు.
ఆమెకి ఎవరు చెప్పారో.

ఆ సారాకి అంగడి లేదు, వేళలుండేవి.
బాలింతకి మూడోనాడు మిరియప్పొడితో చెంచాడు.
కాటినించి తిరిగొచ్చిన, పాడె మోసిన భుజాలకి తలా ఒక డొప్ప.
కొత్త తెప్ప నీళ్లలో దిగితే దాని ముక్కు మీద నాలుగు చుక్కలు.
గట్టు తగువుతో మూడేళ్లు మొహాలు తిప్పుకున్న అన్నదమ్ములకి
ఒకటే డొప్ప, రెండు నోళ్లు.
తాగాక మళ్లీ ఆ తగువెత్తినవాడికి
ఊళ్లో నిప్పు పుట్టేది కాదు.

మా మావయ్య వేళలు చూడలేదు.
ముప్పై నాలుగేళ్లకి పచ్చబడ్డ కళ్లతో
కేజీహెచ్ వరండాలో, చాప మీద, పోయాడు.
అసిరమ్మ కుండ బోర్లించింది.
పదిహేను రోజులకి నా కాలేజీ ఫీజు కాగితం వచ్చింది.
కాసేపు చూసి,
కుండ మళ్లీ తిప్పింది.

ఈ ల్యాబులో ఉద్యోగమొచ్చిందని లడ్డూలు పట్టుకెళ్తే
"అయితే నా మీద కాయితం రాసేది నువ్వేనేటే?" అంది.
నవ్విందనే అనుకున్నాను.
తర్వాత నా చేతికెప్పుడూ డొప్ప అందించలేదు.

సీసా మెళ్లో చీటీ:
కిల్లాన రవణమ్మ, ఇరవై ఆరేళ్లు, కూలి.
ఎవరీ పిల్ల?
ఏ వేసవిలో వెళ్లి ఆ పొయ్యి పక్కన కూచుంది?
వాము ఎంతో
గుప్పిట మూసి చూపించిందా, తెరిచి చూపించిందా?
నాకు చూపించలేదు.
నాకు చదువు చెప్పించింది.

ఇథైల్ ఆల్కహాల్ ముప్పై ఎనిమిది శాతం.
తక్కినవి జాడమాత్రం.
అంటే రవణమ్మ కూడా
నేలతల్లి వాటా ఎగ్గొట్టలేదు.
"మానవ వినియోగానికి తగదు" అన్నది ముందే అచ్చయి ఉంది,
సంతకం ఒక్కటే నాది.

అందరూ భోజనాలకి వెళ్లారు.
కిటికీ అద్దం మీద పోర్టు బొగ్గు దుమ్ము,
అవతల సముద్రం ఉన్నట్టూ లేనట్టూ.
చిటికెనవేలు ముంచి అగ్గిపుల్ల గీశాను,
ఆమె గీసినట్టే.
వేలు చివర నీలంగా లేచి
చర్మానికి తెలిసేలోపు ఆరిపోయింది.

చెయ్యి కడుక్కుని కూచున్నాను.
వాసన: పండ్ల వాసన, అని రాశాను.
వాము సంగతి రాయలేదు.