పంటి బిగువు

ఎర్జురుమ్‌లో డిసెంబరు. కిటికీకి లోపలివైపు కూడా మంచు.
నిన్నంతా కాంక్రీటు దిమ్మల్ని నలిపిన యంత్రాన్ని
ఇవాళ దంతవైద్యం చదివే షెర్మిన్‌కి అప్పిచ్చాం.
జామ్ సీసాలో తెచ్చింది నలభై పళ్ళు,
ఉప్పునీళ్ళలో.
ఎవరివని అడిగాను.
"పేర్లుండవు, ముకెర్రెమ్ అన్నా.
వరస సరిచేయించుకున్న పిల్లలవి, చాలామటుకు."

ఒక్కోదాన్నీ ప్లాస్టిక్ దిమ్మలో నిలబెట్టింది, చిగుళ్ళుండేంత మేర.
పది, ముట్టుకోనివి.
తక్కిన ముప్ఫైకీ నరం తీసి
వేరు గొట్టంలో గులాబీరంగు జిగురు కూరింది తానే.
అందులో పదింటికి ఉత్త పూడిక,
పదింటికి గాజునారల కడ్డీ,
పదింటికి నెత్తిన పింగాణీ టోపీ.
"నరం పోయాక
బరువెక్కువైందని చెప్పేవాళ్ళు లోపల తగ్గిపోతారన్నా.
మామూలు పన్ను వదిలేసేదాన్ని
అది కొరికేస్తుంది."

నేను మీట నొక్కుతాను. నిమిషానికొక మిల్లీమీటరు.
ఉక్కు గుండు దిగుతుంది.
తెరమీద గీత మెల్లగా ఎక్కి, ఎక్కి,
ఉన్నట్టుండి కూలబడుతుంది.
మా అమ్మ ఆరుగురిని పంటి బిగువున పెంచింది.
దానికీ కొలతుందని నాకివాళే తెలిసింది, న్యూటన్లలో.

విరిగిన ప్రతిదాన్నీ భూతద్దం కింద తిప్పి
"పైన" అనో "కింద" అనో రాసుకుంటుంది షెర్మిన్.
చిగురుకి పైన చీలితే మళ్ళీ కట్టొచ్చట.
వేరులోకి దిగిందా, పీకడమే.
టోపీ పెట్టిందొకటి అన్నిటికన్నా ఎక్కువసేపు ఆగి
మొదలంటా రెండయింది.
పెన్ను పక్కన పెట్టి కాసేపు కిటికీవైపు చూసింది.

మధ్యాహ్నం నోరు తెరిచి చూపించాను.
కుడివైపు, పైన, కోరపన్ను పక్కది.
నాలుగేళ్ళయింది నరం తీసి.
టోపీ డబ్బులు పిల్లాడి బూట్లకి పోయాయి.
టార్చి వేసి చూసి "రెండో గుంపు" అంది,
ఇంకేమీ అనలేదు.
రెండో గుంపు పొద్దున్నే అయిపోయింది.
పదిట్లో ఏడు "కింద".

సాయంత్రం టీకొట్టు.
మా ఊళ్ళో చక్కెర టీలో కలపరు.
రాయిలాంటి గడ్డని పటుక్కున కొరికి
బుగ్గన పెట్టుకుని దానిమీదుగా తాగుతారు.
హసీప్ తన గడ్డ కొరికాడు.
పొద్దుట్నించీ నలభైసార్లు విన్న చప్పుడే.
ఉలిక్కిపడ్డాను, టీ ఒలికింది, వాడు నవ్వాడు.

నా గడ్డ గ్లాసులో వేసి
చెంచా తెమ్మన్నాను.
కుర్రాడు రెండుసార్లు అడిగించుకున్నాడు.