మూడు కాళ్ళ కుందేలు

మిల్వాకీలో జనవరి గురువారం.
తోళ్ళ కార్ఖానా కార్మికుల పాత హాలు, పై అంతస్తు.
తలుపు దగ్గర ఐదు డాలర్లు పుచ్చుకుని
మణికట్టు మీద ముద్ర కొట్టేది నేనే.
మంచు బూట్లు విప్పి డాన్సు జోళ్ళు తొడుక్కునే
ఆ పది నిమిషాల్లోనే
ప్రతి వారం యుద్ధం మొదలవుతుంది.

ఇవాళ నిప్పు వేసింది ఇవెట్:
"పోయిన గురువారం భలే స్వాంగాం కదా!"

నలభై ఏళ్ళు పత్రికలో ప్రూఫులు దిద్దిన కాజిమిర్
సగం కట్టిన లేసు వదిలేసి తలెత్తాడు.
"స్వంగాం. దీర్ఘం లేదు."
"డ్రింక్‌కి డ్రాంక్ ఉందిగా?"
"డ్రింక్ వేరే ఇంటి పిల్ల."
"నా బస్సెక్కే వాళ్ళందరూ స్వాంగ్ అనే అంటారు."
"నీ బస్సు నిఘంటువు కాదు."
"కాదు. టైముకొస్తుంది."

ఎవరేం చెప్పినా
ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.
"పోనీలే," అంది లవీనియా గోడవార కుర్చీలోంచి,
"ట్రిపుల్ స్టెప్‌కి సరిగ్గా సరిపోతాయి."

అంతలో హోలిస్ తెచ్చిన కొత్త బోర్డు,
ఇంకా రంగు వాసన పోలేదు:
శనివారం స్వింగవుట్ పాఠం.
వడ్రంగి కదా, రెండు మాటల్నీ
సందు కనబడకుండా అతికించేశాడు.
ఇక చూడాలి!
సంధి నిత్యమా, వైకల్పికమా?
ఒకటి చేస్తే సరే, రెండు చేస్తే ఏమనాలి?
స్వింగవుట్లా, స్వింగులవుటా?
వాద్యగాళ్ళు శ్రుతి చేసుకోవడం మానేసి
చెవులప్పగించారు.

హోలిస్‌కి మాటలు తక్కువ.
ఇవెట్ చెయ్యందుకుని, గిర్రున తిప్పి
హాలు మధ్యకి విసిరాడు.
ఇద్దరి చేతులూ చివరిదాకా సాగి
వేళ్ళ కొసలు మాత్రం
వేళ్ళ కొసల్ని పట్టుకుని ఆగాయి.
"ఇదే అడ్డగీత," అన్నాడు. "పెట్టుకోండి మధ్యలో."

కాజిమిర్ ఒక కన్ను మూసి కొలిచాడు.
"కొంచెం పొడుగైంది."

లవీనియాకి ఎనభై నాలుగు. ఒక మోకాలు లోహం.
ఒకప్పుడు ఈయనే ఆమెకు పాఠం చెప్పబోయాడట:
నడిపేవాడు కర్త, నడిచేది కర్మ అని.
"ఆ వాక్యంలో నేను క్రియని నాయనా," అందట.
"నన్ను తీసేస్తే
నువ్వు ఊరికే నిలబడ్డ మనిషివి."
ఆ మాటను ఆయన ఇప్పటికీ దిద్దలేదు.

మొదటిసారి వచ్చిన పిల్ల పాహువా,
కోటు కూడా విప్పకుండా, మెల్లిగా అడిగింది:
"రాక్ స్టెప్‌లో రాక్ అంటే
రాయా? ఊయలా?"

డ్రమ్ము మీద బ్రష్ ఆగిపోయింది.
ఇన్నేళ్ళుగా రాత్రికి వెయ్యిసార్లు
వెనక్కి కాలేసిన వాళ్ళం,
ఒక్కరమైనా అడిగామా?
కాజిమిర్ నోరు తెరిచి మూశాడు.
అందరం ఉన్నచోటే
కాలు వెనక్కి వేసి చూసుకున్నాం,
పంటి కింద గింజేమిటో
నాలుకతో వెతుక్కున్నట్టు.

"కాలు రాయి," అన్నాడు హోలిస్.
"నడుము ఊయల," అంది ఇవెట్.
"నాకు మాత్రం మోకాలు కూడా రాయే," అంది లవీనియా.
పాహువా నవ్వింది. మూడో రోజు జ్వరం దిగినట్టు
బాసు తీగ ఒక్కసారి మోగింది.
తర్వాత ఎవరూ ఏమీ అనలేదు రెండు గంటలు.

పదకొండింటికి చిల్లర లెక్కపెట్టి, దీపాలార్పి
కిందికొచ్చేసరికి
పార్కింగంతా అద్దంలా మంచు.
ముందు నడుస్తున్న కాజిమిర్
ఏదో గొణుక్కుంటూ కాలు వెనక్కి వేశాడు.
జర్రుమన్నాడు.
టోపీ ఒక పక్కకి, తనొక పక్కకి,
సగం చుట్టు తిరిగాక
ఇవెట్ చెయ్యి దొరికింది.

"చూశావా, స్వాంగావ్!" అంది.

"స్వంగాను," అన్నాడు,
ఆ చెయ్యి వదలకుండా.