పై రెక్క

భీమవరం కాలేజీ గేటు దాటగానే
సిమెంటు దిమ్మల మీద ఒక విమానం నిలబెట్టారు.
రెండు సీట్లది. ముక్కులో పావురాలు పిల్లల్ని పెట్టాయి.
'ముట్టుకోరాదు' అని బోర్డు.
బేరింగులకని టౌనుకెళ్ళినప్పుడల్లా
వాచ్‌మన్ గుబ్బల సత్తియ్య అటు తిరగ్గానే
నేను ముట్టుకునేవాణ్ణి.
రేకు వెచ్చగా ఉండేది
ఎండలో పడుకున్న గేదె డొక్కలాగా.

అంతవరకే నాకు తెలిసిన విమానం.

మాఘమాసంలో, ఉండి అవతల,
ఎండగట్టిన రొయ్యల చెరువు అడుగుని
రోలరుతో తొక్కించి సున్నం గీతలు కొట్టారు.
గాలిబళ్ళు దిగుతాయన్నారు.
జీళ్ళబండి వాడు తెల్లారకుండానే వచ్చేశాడు.

ఆయ్, దిగాయండి.
పసుపురంగుది ఒకటి. గుడ్డరెక్కలది ఒకటి,
దిగాక కూడా ఇంకా వణుకుతానే ఉంది.
ఆఖర్న వచ్చింది అది.
నెత్తిన గరిటంత సన్నటి రెక్క,
వీపున పంకా, మధ్యలో రెండు కుర్చీలు.
తలుపుల్లేవు. గోడల్లేవు.
"తూనీగ! తూనీగ!" అని పిల్లలు గట్టెమ్మట పరిగెత్తారు.

నడిపేది తోలేటి సువర్చలగారంట.
యాభై దాటినావిడ, ముక్కుపుడక, కత్తిరించిన జుట్టు.
రెండోసారి లేవబోతే ఇంజను దగ్గింది.
మైకులో అడిగారు, మెకానిక్కులెవరైనా ఉన్నారా అని.
ఊరు ఊరంతా నా వైపు తిరిగింది.
"నేను చెరువుల్లో ఏరియేటర్లు బాగుచేసేవాణ్ణండి" అన్నాను.
"దగ్గు దగ్గే కదా, ఎవరిదైతేనేం" అంది.

పెట్రోలు ట్యాంకుకి ఊపిరాడే సన్న బెజ్జం ఉంటుంది.
అందులో కందిరీగ మట్టిగూడు కట్టుకుంది.
చీపురుపుల్లతో లాగాను.
పెళ్ళ, గోరంత, ఊడి నా అరచేతిలో పడింది.
ఇంజను శుభ్రంగా గొంతు సవరించుకుంది.

ఎంతివ్వమంటావు అంది.
ఒక్కసారి ఎక్కించండి అన్నాను.

చెవుల్లో పెట్టుకోమని దూది ఇచ్చింది.
సున్నం గీత దారంలా జారిపోయింది కిందికి.
యనమదుర్రు కాలవ, చెదిరిన కాటుక.
ఎక్కడో వశిష్ఠ, తళుక్కుమనే రేకు ముక్క.
ఇక చెరువులండీ బాబూ, చెరువులు, చెరువులు,
పెళ్ళి బంతి లేచాక కడిగి పరిచిన కంచాల్లాగా.
ఒక్కో కంచంలో తెల్లగా నాలుగు నురగ చుక్కలు.
అవి నా ఏరియేటర్లు.
పద్దెనిమిదేళ్ళుగా పగలూ రాత్రీ నా చెవిలో తిరిగినవి
అక్కణ్ణించి చూస్తే
ఒక్కటీ నోరెత్తలేదు.

అప్పుడు ఆవిడ ఇంజను తగ్గించేసింది.
బాగా తగ్గించేసింది.
నా గుండె లుంగీముడిలోకి జారింది.
"భయపడకు, పై రెక్కకీ ఇంజనుకీ చుట్టరికం లేదు.
దాన్ని తిప్పేది గాలే.
మనం దిగుతున్నంతసేపూ అది తిరుగుద్ది,
అది తిరుగుతున్నంతసేపూ మనం పడం."

తల ఎత్తి చూశాను.
కొబ్బరాకు గిరకకి తుమ్మముల్లు గుచ్చి
కాలవగట్టు మీద పరిగెత్తిన ఈడు గుర్తొచ్చింది.
ఆగితే ఆగిపోయేది గిరక.
అందుకని ఆయాసమొచ్చినా ఆగేవాళ్ళం కాదు.

మూడో రాత్రి రెండింటికి కరెంటు పోయింది.
పేరిచర్ల రాజుగారు టార్చీలైటుతో గట్టు మీద
"లక్షలురా అబ్బాయ్, లక్షలు!"
రొయ్యలు నీటి పైకి తేలి మూతులు ఆడిస్తున్నాయి.
జనరేటరు అందుకునే లోపల
ఏం తోచక నీళ్ళలోకి దిగి
ఏరియేటరు రెక్కని చేత్తో తిప్పాను.
ఒక చుట్టు. రెండో చుట్టు సగం.
ఆగిపోయింది.
మీద గాలి బాగానే వీస్తోంది,
దీనికి చుట్టరికమంతా తీగతోనే.

ఇంటికెళ్ళాక మా ఆవిడ నూకరత్నం అడిగింది,
ఆదివారం చెవిలో దూది ఏంటని.
మోటారు చప్పుడు మరీ ఎక్కువైందన్నాను.
నమ్మలేదు. స్పానర్ల పెట్టె తెరిచింది.
దూది ఉంది, పక్కనే పొట్లం కట్టిన మట్టిపెళ్ళ.
విప్పబోతుంటే
ముట్టుకోకు అన్నాను,
సత్తియ్య గొంతుతో.